ఇంటీజర్ బఫర్ మీద బ్లెండింగ్: డ్రైవర్ దాన్ని ఏ దశలో ఆపాలి?

ప్రశ్న

నమస్కారం. గ్రాఫిక్స్ కార్డు అవసరం లేకుండా పూర్తిగా ప్రాసెసర్ మీదే నడిచే ఒక చిన్న ఓపెన్‌జీఎల్ (ప్రోగ్రాములు బొమ్మలు గీయించుకోవడానికి వాడే పిలుపుల ప్రమాణం) డ్రైవర్‌ను నేను రాస్తున్నాను. త్రిభుజాలను పిక్సెళ్ళుగా విడగొట్టే భాగం, డెప్త్ పరీక్ష, టెక్స్చర్లు చదివే భాగం నిలకడగా పనిచేస్తున్నాయి. బ్లెండింగ్ దగ్గర, అంటే వచ్చే రంగును బఫర్‌లో ఉన్న రంగుతో కలిపే దశ దగ్గర, మాత్రం ఒక చిక్కు ఎదురైంది. ఫ్రేమ్‌బఫర్‌కు, అంటే గీసిన ఫలితం చేరే బఫర్ల కట్టకు, రెండు రంగు బఫర్లు జోడించే ఒక ప్రోగ్రామ్‌ను నేను పరీక్షకు వాడుతున్నాను. మొదటి బఫర్ మామూలు ఆర్‌జీబీఏ8, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఆల్ఫా (పారదర్శకతను తెలిపేది) అనే నాలుగు భాగాలు ఒక్కొక్కటి 8 బిట్లు గలది. రెండవది ఆర్‌జీబీఏ16యూఐ, అంటే గుర్తులేని పూర్ణాంకాలను ఉన్నవి ఉన్నట్టుగా దాచుకునేది. రెండవ బఫర్‌లోని మొదటి భాగంలో వస్తువు సంఖ్య, రెండవ భాగంలో మెటీరియల్ సంఖ్య, మూడవ భాగంలో త్రిభుజం సంఖ్య, నాల్గవ భాగంలో కొన్ని ఫ్లాగులు ఉంటాయి. మౌస్ ఏ వస్తువు మీద ఉందో తెలుసుకోవడానికి ప్రోగ్రామ్ ఈ బఫర్‌ను చదువుకుంటుంది.

ఆ దృశ్యంలో 17వ సంఖ్య గల గోడ, దాని ముందు 41వ సంఖ్య గల గాజు పలక ఉన్నాయి. గాజును గీసే ముందు ప్రోగ్రామ్ బ్లెండింగ్‌ను రెండు బఫర్లకూ కలిపి ఒకే పిలుపుతో ఆన్ చేస్తుంది. వచ్చే రంగుకు గుణకం దాని ఆల్ఫా, ఉన్న రంగుకు గుణకం ఒకటి నుండి ఆ ఆల్ఫాను తీసివేయగా వచ్చినది. మొదటి బఫర్‌లో గాజు వెనుక గోడ చక్కగా కనిపిస్తోంది. రెండవ బఫర్‌లో మాత్రం వస్తువు సంఖ్య 89 అని వస్తోంది, ఆ సంఖ్య గల వస్తువే దృశ్యంలో లేదు. అదే ప్రోగ్రామ్‌ను ఇతర డ్రైవర్ల మీద నడిపితే 41 వస్తోంది.

నా డ్రైవర్‌లో అన్ని బఫర్లకూ ఒకే దారి ఉంది. పాత విలువను ఫ్లోట్‌గా మార్చి, బ్లెండ్ సమీకరణం లెక్కకట్టి, తిరిగి బఫర్ ఫార్మాట్‌లోకి మార్చి రాస్తాను. పూర్ణాంక బఫర్ల మీద బ్లెండింగ్ జరగకూడదని నాకు అర్థమైంది. తెలియనిది, ఆ నిర్ణయాన్ని డ్రైవర్‌లో ఏ దశలో పెట్టాలన్నది. ప్రోగ్రామ్ బ్లెండింగ్‌ను ఆన్ చేసినప్పుడే కాదనాలా, ఫ్రేమ్‌బఫర్‌ను కట్టినప్పుడా, లేక ప్రతి పిక్సెల్ దగ్గర ఫార్మాట్‌ను చూసి తేల్చుకోవాలా? ఇలాంటప్పుడు దోషం అని ప్రోగ్రామ్‌కు తెలియజేయాలా, మౌనంగా దాటవేయాలా?


మొదటి జవాబు

ముందుగా మీ 89 ఎక్కడి నుండి వచ్చిందో చూద్దాం, ఎందుకంటే దానిలోనే ఒక హెచ్చరిక ఉంది. నాల్గవ భాగమే ఆల్ఫా స్థానం కాబట్టి మీ ఫ్లాగులే ఆల్ఫాగా లెక్కలోకి వచ్చాయి, గాజుకు సంబంధించిన ఫ్లాగుల విలువ 3 అయి ఉండాలి. అప్పుడు మీ సమీకరణం 41ని 3తో గుణించి 123 తెచ్చింది, 17ను 1 నుండి 3 తీసివేయగా వచ్చిన మైనస్ 2తో గుణించి మైనస్ 34 తెచ్చింది, రెండూ కలిపితే 89. ఫ్లాగుల విలువ 1 అయి ఉంటే ఫలితం సరిగ్గా 41 వచ్చేది, మీకు దోషం కనబడేదే కాదు. విలువ 0 అయి ఉంటే 17 వచ్చేది, గాజు వెనుక గోడ ఎంపిక కావడం సహజమే కదా అనిపించేది. కాబట్టి ఈ దోషానికి పరీక్ష రాసేటప్పుడు నాల్గవ భాగంలో 0, 1 కాని విలువను తప్పక పెట్టండి.

ఇక నియమం సంగతి. పూర్ణాంక టెక్స్చర్లు ముందు 2006లో ఒక ఎక్స్‌టెన్షన్‌గా (ఐచ్ఛిక చేర్పుగా) వచ్చి, 2008లో ఓపెన్‌జీఎల్ 3.0లో ప్రధాన నిర్దేశంలో చేరాయి. బ్లెండింగ్ అనేది ఫిక్స్‌డ్ పాయింట్ (ఆర్‌జీబీఏ8 వంటిది) లేదా ఫ్లోటింగ్ పాయింట్ ఫార్మాట్ గల రంగు బఫర్లకే వర్తిస్తుందని, బఫర్ ఫార్మాట్ పూర్ణాంకమైతే ఆ దశను దాటి తరువాతి పనికి వెళ్ళాలని నిర్దేశం చెబుతుంది. మొబైల్ పరికరాల కోసం ఉన్న ఓపెన్‌జీఎల్ ఈఎస్ 3.0లోనూ ఇదే మాట ఉంది. ఇది దోషం కాదు, కాబట్టి మీరు ఏ ఎర్రర్ కోడ్‌నూ ఇవ్వకూడదు. మీ ప్రోగ్రామ్ లాగే రంగు బఫర్‌నూ సంఖ్యల బఫర్‌నూ పక్కపక్కన పెట్టుకొని ఒకే పిలుపుతో బ్లెండింగ్‌ను ఆన్ చేసే ప్రోగ్రాములు ఎన్నో ఉన్నాయి, అవన్నీ ఈ నియమాన్ని నమ్ముకునే నడుస్తున్నాయి.

ఏ దశలో పెట్టాలన్న ప్రశ్నకు నా జవాబు ఇది: మీరు చెప్పిన మూడు చోట్లలో ఏదీ సరికాదు. ప్రోగ్రామ్ ఆన్ చేసినప్పుడే కాదంటే, ఆ తరువాత అది బ్లెండింగ్ ఆన్‌లో ఉందా అని అడిగినప్పుడు మీరు లేదని చెప్పవలసి వస్తుంది, అది నియమానికి విరుద్ధం. పైగా మరుక్షణమే ప్రోగ్రామ్ వేరొక ఫ్రేమ్‌బఫర్‌ను కట్టవచ్చు, దానిలో పూర్ణాంక బఫర్ ఉండకపోవచ్చు. ఫ్రేమ్‌బఫర్‌ను కట్టినప్పుడే బ్లెండ్ స్థితిని మార్చివేసినా ఇదే ఇబ్బంది. ప్రతి పిక్సెల్ దగ్గర తేల్చుకోవడం తప్పు కాదు గాని, గీత మొదలయ్యే ముందే తెలిసిపోయే విషయాన్ని లక్షలసార్లు అడగడం అవుతుంది. ప్రోగ్రామ్ చెప్పిన స్థితిని చెప్పినట్టే ఉంచి, దాని నుండీ ఫ్రేమ్‌బఫర్ ఫార్మాట్ల నుండీ పుట్టే మూడవ స్థితిని, అంటే నిజంగా అమలు చేయవలసిన బ్లెండింగ్‌ను, మీరు విడిగా కట్టుకోవాలి. గీసే పిలుపు వచ్చినప్పుడు రెంటిలో ఏదైనా మారి ఉంటే దాన్ని తిరిగి కట్టాలి, లేకపోతే పాతదే వాడాలి.

గ్రాఫిక్స్ డ్రైవర్ల ఓపెన్ సోర్స్ లైబ్రరీ అయిన మీసా చేసేది సరిగ్గా ఇదే. ఫ్రేమ్‌బఫర్‌ను సరిచూసే సమయంలో, గీత బఫర్లలో (గీసేటప్పుడు రాత చేరే రంగు బఫర్ల వరుసలో) ఏవేవి పూర్ణాంకాలో ఒక్కొక్క బిట్టుగా గుర్తుపెట్టుకుంటుంది. బ్లెండ్ స్థితిని కింది డ్రైవర్‌కు అందించే చోట, ఆన్‌లో ఉన్న బఫర్ల బిట్ల నుండి పూర్ణాంక బఫర్ల బిట్లను తీసివేస్తుంది. ఫ్రేమ్‌బఫర్‌లోని కొన్ని బఫర్లు పూర్ణాంకాలై, కొన్ని కాకపోతే, ప్రోగ్రామ్ ఒకే స్థితిని అందరికీ ఇచ్చినా సరే, బ్లెండింగ్‌ను బఫర్‌కు విడివిడిగా అందించాలని నిర్ణయిస్తుంది. మీ దృశ్యం అలాంటిదే.

ఇక్కడ రెండు గుంటలున్నాయి, జాగ్రత్తగా దాటండి. మొదటిది, బ్లెండింగ్‌ను ఒక బఫర్‌కు మాత్రమే ఆన్ చేసే పిలుపులో ఇచ్చే సంఖ్య గీత బఫర్ల వరుసలోని స్థానమే గాని, ఫ్రేమ్‌బఫర్‌లో అతికించిన చోటు సంఖ్య కాదు. ప్రోగ్రామ్ గీత బఫర్ల వరుసను తారుమారు చేస్తే ఆ రెండూ వేరవుతాయి, మీ బిట్లు కూడా ఆ వరుస ప్రకారమే ఉండాలి. రెండవది, ఫ్రేమ్‌బఫర్‌కు అప్పటికే అతికించి ఉన్న టెక్స్చర్‌ను ప్రోగ్రామ్ కొత్త ఫార్మాట్‌తో మళ్ళీ కేటాయించవచ్చు. అప్పుడు ఫ్రేమ్‌బఫర్‌ను కట్టే పిలుపు గాని, అతికించే పిలుపు గాని రాకుండానే ఫార్మాట్ మారిపోతుంది. ఆ టెక్స్చర్‌ను వాడుతున్న ఫ్రేమ్‌బఫర్లన్నిటినీ తిరిగి సరిచూడవలసినవిగా గుర్తించకపోతే, మీ బిట్లు పాతబడి ఉంటాయి.


రెండవ జవాబు

నియమం పైన చక్కగా వచ్చింది. నేను దాని వెనుక కారణాన్నీ, బ్లెండింగ్‌తో పాటు మారే ఇరుగుపొరుగు దశలనూ చెబుతాను, ఎందుకంటే డ్రైవర్ రాసేవారికి అసలు పని అక్కడ ఉంటుంది.

బ్లెండింగ్ సమీకరణం మొత్తం "ఒకటి" అనే విలువ చుట్టూ అల్లుకున్నది. ఆర్‌జీబీఏ8 బఫర్‌లో 255 అని రాసి ఉన్నా దాని అర్థం 1.0, 0 అంటే 0.0. అందువల్లనే ఒకటి నుండి ఆల్ఫాను తీసివేస్తే మిగిలేది కూడా ఆ హద్దులోనే ఉంటుంది, రెండు రంగుల మిశ్రమం ఆ రెండు రంగుల మధ్యలోనే పడుతుంది. పూర్ణాంక బఫర్‌లో అలాంటి పూర్తి విలువ ఏదీ లేదు. 3 అంటే 3 మాత్రమే, 65535లో 3 వంతులు కాదు. అక్కడ ఒకటి నుండి ఆల్ఫాను తీసివేయడానికి అర్థమే లేదు. కూడితే హద్దు దాటినప్పుడు చుట్టుతిరిగి సున్నాకు రావాలా, హద్దు దగ్గరే ఆగాలా అన్నదానికి కూడా ఎవరి అవసరం వారిది. పైగా ఈ బఫర్లలో ఎక్కువగా ఉండేవి వస్తువుల సంఖ్యలు, ఫ్లాగులు. రెండు ఇళ్ళ నంబర్లకు సగటు తీస్తే దొరికేది మూడో వాళ్ళ ఇల్లే అయినట్టు, 17కూ 41కీ మధ్య విలువ కడితే మీకు దొరికేది ఇంకెవరిదో సంఖ్య.

ఇంకొక కారణం హార్డ్‌వేర్‌ది. 32 బిట్ల ఫ్లోట్‌లో ముఖ్యాంకాలకు ఉన్నవి 24 బిట్లు, కాబట్టి 16777216 తరువాత ప్రతి పూర్ణాంకాన్నీ అది విడిగా చూపలేదు. ఫ్లోట్ మీద నడిచే బ్లెండ్ యూనిట్ గుండా ఆర్32యూఐ విలువను పంపితే, బ్లెండ్ చేయకపోయినా కింది బిట్లు పోతాయి. ఇది మీకు నేరుగా తగిలే విషయం. మీరు బ్లెండింగ్‌ను ఆపివేసినా, విలువను ఫ్లోట్‌గా మార్చి తిరిగి తెచ్చే దారిని అలాగే ఉంచితే, ఆర్‌జీబీఏ16యూఐలో అది కనబడదు, ఆర్32యూఐలో 16777217 అనే సంఖ్య 16777216గా మారిపోతుంది. పూర్ణాంక బఫర్లకు షేడర్ (పిక్సెల్ విలువను లెక్కకట్టే చిన్న కోడ్) ఇచ్చిన బిట్లను ఎక్కడా ఫ్లోట్ చేయకుండా నేరుగా రాసే వేరే దారి తప్పనిసరి. పరీక్షలో ఆ ఒక్క సంఖ్యను వాడండి చాలు.

అసలు గ్రాఫిక్స్ కార్డుల డ్రైవర్లలో కూడా ఈ వేరే దారి స్పష్టంగా కనిపిస్తుంది. ఏఎమ్‌డీ చిప్‌ల కోసం మీసాలో ఉన్న రేడియన్‌ఎస్ఐ డ్రైవర్, రంగు బఫర్ వివరాల రిజిస్టర్‌ను నింపేటప్పుడు, ఫార్మాట్ పూర్ణాంకమైతే బ్లెండ్ బైపాస్ అనే బిట్టును వెలిగిస్తుంది, బ్లెండ్ క్లాంప్ అనే బిట్టును ఆర్పుతుంది. అంటే పైన స్టేట్ ట్రాకర్ (మీసాలో బ్లెండ్ స్థితిని కింది డ్రైవర్‌కు అందించే భాగం) ఒకసారి బ్లెండింగ్‌ను తీసివేసినా, కింద హార్డ్‌వేర్‌కు కూడా ఈ బఫర్ జోలికి వెళ్ళవద్దని విడిగా చెబుతున్నారు. నా ఉద్దేశంలో ఈ రెండింతల జాగ్రత్త అవసరమే, ఎందుకంటే డ్రైవర్ తన సొంత పనులకు, ఉదాహరణకు బఫర్ నుండి బఫర్‌కు నకలు తీయడానికి, స్టేట్ ట్రాకర్ ప్రమేయం లేకుండానే గీస్తుంటుంది.

ఇరుగుపొరుగు దశల్లో ముందుగా లాజిక్ ఆప్ సంగతి చూడండి. ఆండ్, ఆర్, ఎక్స్‌ఆర్ వంటి బిట్ల పనులు ఫిక్స్‌డ్ పాయింట్ బఫర్లతో పాటు పూర్ణాంక బఫర్లకు కూడా వర్తిస్తాయి. బ్లెండింగ్‌ను ఆపే బిట్లతోనే దీన్నీ ఆపేస్తే తప్పు. లాజిక్ ఆప్ ఆన్‌లో ఉంటే బ్లెండింగ్ ఏ బఫర్‌కూ జరగదు, అది వేరే నియమం. ఇక్కడ హార్డ్‌వేర్ నిర్దేశానికి తోడురాని సందర్భాలూ ఉన్నాయి. ఇంటెల్ శాండీ బ్రిడ్జ్ తరం పత్రాల ప్రకారం లాజిక్ ఆప్‌లు నార్మలైజ్డ్ ఫార్మాట్లకే పనిచేస్తాయి, మిగిలిన చోట్ల వాటిని ఆపి ఉంచాలి. మీది ప్రాసెసర్ మీద నడిచేది గనుక మీకు ఆ ఇబ్బంది లేదు, నియమాన్ని పూర్తిగా పాటించవచ్చు.

తరువాత ఆల్ఫాను కవరేజీగా మార్చే దశ, అంటే పిక్సెల్‌లోని ఎన్ని నమూనాలకు రంగు పడాలో ఆల్ఫాను బట్టి తేల్చేది. బహుళ నమూనాల బఫర్ల మీద గీసేటప్పుడు, గీత బఫర్ల వరుసలో సున్నా స్థానంలో ఉన్నది పూర్ణాంక బఫర్ అయితే ఈ దశను దాటవేయాలి. గమనించండి, ఇది బఫర్‌కు విడిగా తీసుకునే నిర్ణయం కాదు, సున్నా స్థానాన్ని బట్టే మొత్తానికి వర్తిస్తుంది. ఆ బహుళ నమూనాలను తరువాత ఒకటిగా కుదించేటప్పుడు కూడా పూర్ణాంకాల సగటు తీయకూడదు, ఏదో ఒక నమూనా విలువను ఎంచుకొని రాయాలి. డిథరింగ్ (రంగు మెట్ల తేడా కనబడకుండా విలువలను కొద్దిగా చెదరగొట్టడం) పూర్ణాంక బఫర్లకు ఉండదు. రంగు మాస్కు (బఫర్‌లోని ఏ భాగాల్లోకి రాయవచ్చో తెలిపేది) మాత్రం పూర్ణాంక బఫర్లకు కూడా యథాతథంగా వర్తిస్తుంది. బ్లెండ్ దశ నుండి త్వరగా బయటపడే దారి రాసేటప్పుడు మాస్కును కూడా దాటేయడం తేలికగా జరిగిపోతుంది, కాబట్టి దీనికి విడిగా పరీక్ష పెట్టుకోవాలి.

కనిష్ఠం, గరిష్ఠం అనే బ్లెండ్ సమీకరణాల గురించి ఒక మాట. ఈ రెండూ గుణకాలను అసలు వాడవు, కాబట్టి "ఒకటి" లేకపోయినా వాటికి పూర్ణాంకాల మీద స్పష్టమైన అర్థం ఉంది. వాటినైనా అనుమతించి ఉంటే ఎంతో ఉపయోగంగా ఉండేదని నా గట్టి అభిప్రాయం. అయితే నిర్దేశం సమీకరణాన్ని బట్టి తేడా చూపలేదు, బ్లెండింగ్ దశనే పూర్తిగా దాటవేయమంది. మన డ్రైవర్ ఒక్కటే వాటిని అమలు చేస్తే, దాని మీద సరిగా నడిచిన ప్రోగ్రామ్ మరెక్కడా నడవదు.


మూడవ జవాబు

ఓపెన్‌జీఎల్ పిలుపులను వల్కన్‌లోకి (ఓపెన్‌జీఎల్ తరువాతి తరం గ్రాఫిక్స్ ప్రమాణంలోకి) మార్చే పొర మీద నేను పనిచేస్తాను. ఇదే విషయం అక్కడ కొంత వేరుగా ఉంటుంది. ఎప్పుడైనా మీ డ్రైవర్‌కు వల్కన్ ముఖాన్ని కూడా కలపాలనుకుంటే పనికొస్తుందని రాస్తున్నాను.

2016లో వచ్చిన వల్కన్ ఈ బాధ్యతను డ్రైవర్ మీది నుండి ప్రోగ్రామ్ మీదికి జరిపింది. ఒక ఫార్మాట్‌కు బ్లెండ్ చేసే సామర్థ్యం ఉందని పరికరం ప్రకటించకపోతే, ఆ ఫార్మాట్ గల బఫర్‌కు బ్లెండింగ్ ఆన్‌లో ఉండనే కూడదు, పూర్ణాంక ఫార్మాట్లకు ఆ సామర్థ్యం ఉండదు. బ్రౌజర్లకు వచ్చిన కొత్త గ్రాఫిక్స్ ప్రమాణం వెబ్‌జీపీయూలో అలాంటి పైప్‌లైన్ (గీతకు కావలసిన స్థితిని ముందే కట్టిపెట్టే వస్తువు) తయారయ్యే దశలోనే దోషమని తిరస్కరణకు గురవుతుంది. ఓపెన్‌జీఎల్‌లో మౌనంగా దాటవేసే పరిస్థితి ఈ కొత్త తరంలో నియమోల్లంఘన అయింది. అందువల్ల మా పొర, ప్రోగ్రామ్ ఆన్ చేసిన బ్లెండింగ్‌ను చూసి, బఫర్ ఫార్మాట్ పూర్ణాంకమైతే పైప్‌లైన్‌లో ఆ బఫర్‌కు దాన్ని తానే ఆర్పి ఇవ్వాలి.

ఇందులో ఇరుకైన చోటు ఒకటుంది. వల్కన్‌లో బఫర్‌కు విడివిడిగా బ్లెండ్ స్థితి ఇవ్వడం అనేది ఐచ్ఛిక సామర్థ్యం. అది లేని పరికరం మీద అన్ని బఫర్ల బ్లెండ్ స్థితీ ఒకేలా ఉండాలి. అప్పుడు మీ దృశ్యం వంటిది, అంటే ఒక బఫర్‌కు బ్లెండింగ్ ఉండి రెండవ దానికి లేనిది, ఒకే గీతలో సాధ్యం కాదు. రెండుసార్లు గీయాలి, లేదా రంగు కలిపే పనిని షేడర్‌లోకి తేవాలి. ఓపెన్‌జీఎల్ ఈఎస్ 3.0లో బఫర్‌కు విడిగా ఆన్ చేసే పిలుపు లేకపోయినా పూర్ణాంక బఫర్‌ను దాటవేయాలన్న నియమం ఉంది గనుక, ఆ పాత నమూనా ప్రోగ్రాములను ఇక్కడ నడపడం చిన్న పని కాదు.

మొదటి జవాబులో చెప్పిన "మూడవ స్థితి" మాటను నేను పూర్తిగా సమర్థిస్తాను. దానికి ఒక చేర్పు: మీ డ్రైవర్ షేడర్‌తో పాటు బ్లెండ్ భాగాన్ని కూడా అప్పటికప్పుడు యంత్రకోడ్‌గా తయారుచేసేదైతే, ఆ కోడ్‌ను దాచుకునే తాళంలో (దాచిన కోడ్‌ను తిరిగి వెతుక్కునే కీలో) బఫర్ ఫార్మాట్‌నూ, వడకట్టిన బ్లెండ్ స్థితినీ పెట్టండి, ప్రోగ్రామ్ చెప్పిన ముడి స్థితిని కాదు. మీసాలో ప్రాసెసర్ మీదే నడిచే డ్రైవర్ ఎల్ఎల్‌వీఎమ్‌పైప్ ఇలాగే బ్లెండ్ స్థితి, ఫార్మాట్ రెండూ ఉన్న తాళంతో షేడర్ రూపాంతరాలను దాచుకుంటుంది. ముడి స్థితిని తాళంలో పెడితే, పూర్ణాంక బఫర్ మీద బ్లెండింగ్ ఆన్, ఆఫ్ అయిన ప్రతిసారీ అచ్చంగా ఒకే కోడ్‌ను రెండు పేర్లతో తయారుచేసుకుంటారు.

ఎర్రర్ ఇవ్వకూడదన్నది నిజమే. అయినా ప్రోగ్రామ్ రాసేవారిని పూర్తిగా చీకట్లో ఉంచనక్కర లేదు. డీబగ్ సందేశాల సౌకర్యం ఓపెన్‌జీఎల్ 4.3 నుండి ప్రధాన నిర్దేశంలోనే ఉంది. ఫ్రేమ్‌బఫర్‌లోని బఫర్లన్నీ పూర్ణాంకాలై, బ్లెండింగ్ ఆన్‌లో ఉంటే, అది ఏ ఫలితాన్నీ ఇవ్వదని ఒక సమాచార సందేశం పంపవచ్చు. మీ దృశ్యంలా కొన్ని బఫర్లు మాత్రమే పూర్ణాంకాలైనప్పుడు సందేశం పంపకండి, అది సక్రమమైన వాడుకే.


ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఫ్లాగుల విలువ నిజంగానే 3. ఫార్మాట్ల బిట్లను ఫ్రేమ్‌బఫర్ సరిచూపులో చేర్చి, పూర్ణాంకాలకు నేరుగా రాసే దారిని విడగొట్టాను. ఇప్పుడు 41 వస్తోంది, 16777217 కూడా చెక్కుచెదరకుండా తిరిగి వస్తోంది.

దీనికి ఆనుకొని మరొక ప్రశ్న. ఇదే ప్రోగ్రామ్‌లో ఒక్కో పిక్సెల్ మీద ఎన్ని పొరలు పడ్డాయో లెక్కించే భాగం ఒకటి ఉంది. దాన్ని రాసినవారు ఆర్32యూఐ బఫర్ మీద, రెండు గుణకాలూ ఒకటిగా పెట్టి, కూడిక బ్లెండింగ్‌తో ఒక్కొక్క పొరకు 1 కలుపుదామనుకున్నారు. నియమం ప్రకారం అది ఏ డ్రైవర్ మీదా లెక్కించదు, ప్రతి పొరా 1నే తిరిగి రాస్తుంది. వారికి నేను ఏ మార్గం సూచించాలి? అలాగే గాజు మీద మౌస్ పెట్టినప్పుడు గాజు కాక దాని వెనుక గోడ ఎంపిక కావాలని కూడా వారు కోరుకుంటున్నారు.


రెండవ జవాబు రాసినవారు

రెండవ కోరిక తేలికైనది కాబట్టి ముందు దాన్ని ముగిస్తాను. గాజును గీసే సమయంలో రెండవ బఫర్‌కు మాత్రమే రంగు మాస్కును పూర్తిగా మూసివేయమనండి. బఫర్‌కు విడిగా మాస్కు పెట్టే పిలుపు ఓపెన్‌జీఎల్ 3.0 నుండి ఉంది. మాస్కు పూర్ణాంక బఫర్లకు వర్తిస్తుందని పైన చెప్పాను, కాబట్టి 17 అలాగే నిలుస్తుంది.

పొరల లెక్కకు, పొరలు 255కు మించవని తెలిస్తే, నేను సూచించేది ఆర్8 నార్మలైజ్డ్ బఫర్. షేడర్ 255లో ఒక వంతును బయటికి ఇవ్వాలి, గుణకాలు రెండూ ఒకటి, సమీకరణం కూడిక. ప్రతి కూడిక తరువాత విలువ దగ్గరి మెట్టుకు సర్దుకుంటుంది గనుక లెక్క ఖచ్చితంగా వస్తుంది, 255 దగ్గర ఆగిపోతుంది. డిథరింగ్ ఓపెన్‌జీఎల్‌లో మొదటి నుండే ఆన్‌లో ఉంటుంది కాబట్టి దాన్ని ఆఫ్ చేయాలి. అంతకంటే ఎక్కువ కావాలంటే ఆర్16ఎఫ్ 2048 వరకు, ఆర్32ఎఫ్ 16777216 వరకు ప్రతి పూర్ణాంకాన్నీ సరిగ్గా పట్టుకుంటాయి. ఓపెన్‌జీఎల్ ఈఎస్ మీద, బ్రౌజర్‌లోని వెబ్‌జీఎల్ 2 మీద 32 బిట్ల ఫ్లోట్ బఫర్‌కు బ్లెండింగ్ కావాలంటే ఫ్లోట్ బ్లెండ్ అనే విడి ఎక్స్‌టెన్షన్ ఉండాలి, అది లేకపోతే గీసే పిలుపే దోషంతో తిరిగి వస్తుంది. లెక్క ఒక్కటే కావాలి, రంగు బఫర్ మరొకదానికి పట్టే చోటు లేదు అనుకుంటే, స్టెన్సిల్ బఫర్‌లో (ఒక్కో పిక్సెల్‌కు ఒక చిన్న పూర్ణాంకాన్ని ఉంచుకునే దానిలో) డెప్త్ పరీక్ష గెలిచిన ప్రతిసారీ ఒకటి పెంచమని చెప్పవచ్చు. అది కూడా 8 బిట్లే, 255 దగ్గర ఆగుతుంది.

నిజంగా 32 బిట్ల పూర్ణాంక లెక్కే కావాలంటే ఆ బఫర్‌ను రెండర్ టార్గెట్‌గా కాక ఇమేజ్‌గా (షేడర్ ఏ చోటికైనా రాయగల దానిగా) కట్టి, ఫ్రాగ్మెంట్ షేడర్‌లో అటామిక్ కూడిక (మధ్యలో మరో థ్రెడ్ చొరబడలేనిది) చేయాలి. ఈ సౌకర్యం 2011లో ఓపెన్‌జీఎల్ 4.2తో వచ్చింది. అటామిక్ గరిష్ఠం, కనిష్ఠం, బిట్ల ఆర్ కూడా ఉన్నాయి గనుక, బ్లెండింగ్‌లో దొరకదని నేను పైన విచారించినది ఇక్కడ దొరుకుతుంది. అయితే ఈ దారిలో డ్రైవర్ రాసేవారుగా మీరు గమనించవలసినవి ఉన్నాయి. షేడర్ ఇమేజ్‌లోకి రాసేటప్పుడు డెప్త్ పరీక్షను షేడర్ కంటే ముందుకు జరిపే స్వేచ్ఛ డ్రైవర్‌కు ఉండదు. షేడర్ ముందు నడుస్తుంది, కాబట్టి గోడ వెనుక దాగి ఓడిపోయే పిక్సెళ్ళు కూడా లెక్కలోకి వస్తాయి. కనిపించే పొరలనే లెక్కించాలంటే, ముందస్తు పరీక్షలు జరపమని షేడర్‌లోనే ప్రకటించాలి, అప్పుడు మీ డ్రైవర్ ఆ ప్రకటనను తప్పక పాటించాలి. డెరివేటివ్‌ల కోసం త్రిభుజం అంచుల బయట నడిపే సహాయక పిక్సెళ్ళ రాతలు ఎన్నటికీ ఇమేజ్‌ను చేరకూడదు. లెక్క ముగిశాక ఆ ఇమేజ్‌ను టెక్స్చర్‌గా చదివే ముందు ప్రోగ్రామ్ మెమరీ బారియర్ (ముందటి రాతలు తరువాతి చదువులకు కనబడేలా చేసే పిలుపు) పిలవాలి, ఎందుకంటే బ్లెండింగ్‌కు ఉన్న వరుస హామీ ఇమేజ్ రాతలకు లేదు.


ప్రశ్న అడిగినవారు

నా డ్రైవర్‌లో తెరను చతురస్రాలుగా విభజించి, ఒక్కో చతురస్రాన్ని ఒక్కో థ్రెడ్‌కు అప్పగిస్తాను. ఒక పిక్సెల్‌ను ఎప్పుడూ ఒకే థ్రెడ్ ముట్టుకుంటుంది కాబట్టి, ఈ అటామిక్ కూడికను మామూలు కూడికగా అమలు చేయవచ్చా?


మూడవ జవాబు రాసినవారు

చేయకూడదు. రెండర్ టార్గెట్ విషయంలో షేడర్ తన పిక్సెల్‌కే రాయగలదు గనుక మీ విభజన సరిపోతుంది. ఇమేజ్ విషయంలో షేడర్ ఏ చోటినైనా ముట్టుకోవచ్చు. దృశ్యం మొత్తానికి ఒకే హిస్టోగ్రామ్ కట్టే షేడర్‌లో వేర్వేరు చతురస్రాల థ్రెడ్లు ఒకే గడిని పెంచుతుంటాయి, మామూలు కూడిక వాడితే వాటిలో కొన్ని పెంపులు పోతాయి. ప్రాసెసర్ ఇచ్చే అటామిక్ ఆదేశాన్నే వాడండి. వేగం ముఖ్యమనిపిస్తే, ఇమేజ్‌లోని చిరునామా ఆ పిక్సెల్ స్థానమే అని షేడర్ కోడ్ నుండి కచ్చితంగా రుజువు చేయగలిగిన సందర్భంలో మాత్రం, అదీ ఒక చతురస్రం పని మొత్తం ఒకే థ్రెడ్‌లో వరుసగా జరుగుతున్నప్పుడు, ఆ ఆదేశాన్ని మామూలు కూడికగా మార్చవచ్చు. ఆ ఇమేజ్‌ను అదే గీతలో వెర్టెక్స్ షేడర్ కూడా ముట్టుకుంటున్నదేమో ముందుగా చూసుకోండి.